ఏడేళ్ళ ప్రయాణం, ఆరు గంటల ప్రయాణం

సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన దాసులు, అంతిమ ప్రవక్త అయిన హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరులందరి పైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

హజ్ మాసాలు సమీపించగానే మన బస్తీలలోనూ గ్రామాలలోనూ ఒక శుభవార్త ఇంటింటికీ పాకుతుంది. ఫలానా ఇంటి పెద్దలకు ఈ సంవత్సరం అల్లాహ్ గృహం నుంచి పిలుపు వచ్చిందట! ఆ వార్త వెంటనే ఒక ప్రశ్న కూడా వినిపిస్తుంది. విమానం ఎన్ని గంటలు?

ఈ ప్రశ్నకు సమాధానం సులభమే. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి గగనమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్ళే విమానానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. ఆకాశంలో పై ఎత్తున గాలులు సాధారణంగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. కనుక పోయేటప్పుడు అవి ఎదురవుతాయి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోడ్పడతాయి. అందువల్ల తిరుగు ప్రయాణం కొంత త్వరగా ముగుస్తుంది. జిద్దా గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. కాబట్టి ఉదయం 8 గంటలకు ఇక్కడ బయలుదేరినవారు అక్కడి సమయం ప్రకారం పదకొండున్నర ప్రాంతంలో దిగుతారు. ఇక్కడ ఫజ్ర్ నమాజు చేసి బయలుదేరినవారికి అక్కడ జొహర్ నమాజు వేళ ఇంకా కాకపోవచ్చు.

ఇంత సులభమైన ప్రయాణం మన పూర్వీకులలో ఎవరికీ దక్కలేదు. ఈ ఆరు గంటల వెనుక ఎన్ని శతాబ్దాల శ్రమ ఉన్నదో తెలుసుకుంటే, ఈ సౌలభ్యం మన నుంచి ఏమి కోరుతున్నదో కూడా బోధపడుతుంది. నేటి ప్రసంగంలో మనం ఆ చరిత్రను పరిశీలిద్దాం.

సోదరులారా!

హజ్‌కు రమ్మని ప్రజలలో ప్రకటించమని అల్లాహ్ హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం)ను ఆదేశించినప్పుడు, వచ్చేవారు ఎలా వస్తారో కూడా తెలియజేశాడు. సూరె హజ్ 27వ ఆయత్‌లో ఆ ప్రస్తావన ఉన్నది. కాలినడకన వచ్చేవారి గురించీ, బహుదూరపు కనుమల నుంచి బక్కచిక్కిన వాహనాలపై వచ్చేవారి గురించీ అక్కడ చెప్పబడింది. ఆ ఒంటె ఎందుకు బక్కచిక్కింది? దూరం దాని కండను కరిగించింది. మేత చాలక, నీరు చాలక, వారాల తరబడి నడిచి నడిచి అది ఎముకల గూడై కాబా గృహాన్ని చేరింది. హజ్ ప్రయాణపు కష్టం ఖుర్ఆన్‌లో ఆ మూగజీవి శరీరం మీద కనిపిస్తుంది.

సూరె నహ్ల్ 7, 8 ఆయత్‌లలో మరొక విషయం ఉన్నది. ఎంతో ప్రయాస పడితే తప్ప మనం చేరలేని ప్రదేశాలకు మన బరువులను మోసుకుపోయే పశువులను అల్లాహ్ తన అనుగ్రహంగా పేర్కొన్నాడు. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను ప్రస్తావించిన తరువాత, మనకు తెలియనివాటిని కూడా తాను సృష్టిస్తానని తెలిపాడు. ఓడ, రైలు, మోటారు వాహనం, విమానం అన్నీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయని నేటి వ్యాఖ్యాతలు వివరిస్తారు. కాబట్టి విమానం మనిషి తెలివికి నిదర్శనమే అయినా, విశ్వాసి దృష్టిలో అది ముందుగా అల్లాహ్ అనుగ్రహం.

దైవప్రవక్త (స) హిజ్రీ 10వ సంవత్సరంలో తమ వీడ్కోలు హజ్ కోసం జుల్ ఖాదా నెల చివరి రోజులలో మదీనా నుంచి బయలుదేరి, జుల్ హిజ్జా 4వ తేదీన మక్కా చేరుకున్నారు. సుమారు 450 కిలోమీటర్ల ఆ దారికి వారికి తొమ్మిది రోజుల దాకా పట్టింది. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు నేడు అదే రెండు నగరాల మధ్య గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నది. ఉదయం మదీనాలో బయలుదేరినవారు మధ్యాహ్నంలోగా మక్కాలో ఉంటారు. అరబ్బు నేలపైనే ఇంత మార్పు వచ్చినప్పుడు, అరేబియా సముద్రానికి ఇవతల ఉన్న మన దేశపు కథ ఎలా ఉండేదో చూద్దాం.

మొఘల్ చక్రవర్తుల కాలంలో హిందూస్థాన్ యాత్రికులకు ముఖ్య ద్వారం గుజరాత్‌లోని సూరత్ రేవు. దానిని ప్రజలు బాబుల్ మక్కా, అనగా మక్కా ద్వారం అని పిలిచేవారు. మన తెలుగు నేలపై గోల్కొండ సుల్తానుల ముఖ్య రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి కూడా ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు నడిచేవి. కలంకారీ వస్త్రాలతో, ఇతర సరుకులతో పాటు యాత్రికులు కూడా వాటిలో ప్రయాణించేవారు. తూర్పు తీరం నుంచి బయలుదేరిన ఓడ సింహళాన్ని చుట్టి, మలబారు తీరాన్ని దాటి, అరేబియా సముద్రంలో ప్రవేశించవలసి వచ్చేది.

ఆ రోజులలో ప్రయాణ సమయాన్ని నిర్ణయించేది మనిషి కాదు, గాలి. చలికాలంలో భూమి నుంచి సముద్రం వైపు, వానాకాలంలో సముద్రం నుంచి భూమి వైపు గాలి మళ్ళుతుంది. పడమటి తీరం నుంచి జిద్దాకు పోయే ఓడలు సాధారణంగా మార్చి నెల ప్రాంతంలో బయలుదేరి, వానాకాలం చివరలో ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తిరిగి వచ్చేవి. గాలి సూర్యుని లెక్కను అనుసరిస్తుంది. హజ్ చంద్రుని లెక్కను అనుసరించి ప్రతి సంవత్సరం సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ రెండు లెక్కలు కలిసి వచ్చిన సంవత్సరాలలో యాత్ర త్వరగా ముగిసేది. కలిసి రాని సంవత్సరాలలో యాత్రికులు హజ్ కోసం నెలల తరబడి నిరీక్షించేవారు. హజ్ ముగిసిన తరువాత అనుకూలమైన గాలి కోసం మళ్ళీ నెలలు నిరీక్షించేవారు. ఆ విధంగా ఒక హజ్ యాత్రకు సంవత్సరం, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ కాలం పట్టేది.

రాజకుటుంబం వారికైనా ఈ కష్టం తప్పలేదు. బాబరు కుమార్తె, అక్బరు మేనత్త అయిన గుల్‌బదన్ బేగం 1575లో రాజాంతఃపుర స్త్రీలతో కలిసి ఫతేపూర్ సీక్రీ నుంచి హజ్‌కు బయలుదేరారు. సముద్రంపై పెత్తనం పోర్చుగీసు వారిది. వారి అనుమతి పత్రం లేనిదే ఓడ కదలదు. ఆ పత్రం కోసం ఆమె సూరత్‌లో ఇంచుమించు ఒక సంవత్సరం ఆగవలసి వచ్చింది. హిజాజ్‌లో మూడేళ్ళకు పైగా గడిపి నాలుగు హజ్‌లు ఆచరించారు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ ప్రమాదానికి గురికావడంతో నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. చివరకు 1582లో ఫతేపూర్ సీక్రీ చేరుకున్నారు. వెళ్ళి రావడానికి ఏడేళ్ళు పట్టింది! హిందూస్థాన్ చక్రవర్తి మేనత్తకు ఇంత కష్టమైతే, ఒక సామాన్య నేతగానికి, ఒక రైతుకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

గాలికి తోడు దోపిడీ భయం కూడా ఉండేది. 1695లో ఎర్ర సముద్రం నుంచి సూరత్‌కు తిరిగి వస్తున్న గంజె సవాయీ అనే మొఘల్ ఓడను హెన్రీ ఎవెరీ అనే ఆంగ్ల సముద్రపు దొంగ తన ముఠాతో కొల్లగొట్టాడు. ఆ ఓడలో హజ్ ముగించుకుని వస్తున్న స్త్రీ పురుషులు అనేకులు ఉన్నారు. ధనం పోయింది, ప్రాణాలు పోయాయి, స్త్రీల మానానికి రక్షణ లేకపోయింది.

ఇక్కడ మనం ఒక ధర్మ విషయాన్ని గమనించాలి. సూరె ఆలి ఇమ్రాన్ 97వ ఆయత్ ప్రకారం, ఆ గృహానికి చేరుకునే స్తోమత ఉన్నవారిపైనే హజ్ విధి అవుతుంది. స్తోమత అంటే డబ్బు మాత్రమే కాదని, మార్గంలో భద్రత కూడా అందులో చేరుతుందని ధర్మవేత్తలు వివరించారు. ఈ కారణంగానే, భూమార్గంలో గానీ సముద్రమార్గంలో గానీ భద్రత లేదు కనుక హిందూస్థాన్ ముస్లింలపై హజ్ విధి కాదని అక్బరు కాలంలో ఒక ప్రముఖ పండితుడు తీర్పు కూడా చెప్పారు. అటువంటి అభిప్రాయం తరువాతి కాలాలలో కూడా అక్కడక్కడా వినిపిస్తూ వచ్చింది. విధి మరుగున పడిపోతున్నదని బాధపడిన సయ్యద్ అహ్మద్ షహీద్ (రహ్మతుల్లాహి అలైహి) 1821లో రాయ్‌బరేలీ నుంచి వందలాది మందిని వెంటబెట్టుకుని కలకత్తా మీదుగా హజ్‌కు వెళ్ళి, 1824లో తిరిగి వచ్చారు. సముద్రాన్ని దాటవచ్చునని చూపడం కూడా ఆ ప్రయాణపు ఉద్దేశాలలో ఒకటి.

సోదరులారా!

ఆవిరి ఓడలు వచ్చిన తరువాత గాలి పెత్తనం తగ్గింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నది. ఎర్ర సముద్రం ప్రపంచ రహదారిగా మారింది. సూరత్ స్థానాన్ని బొంబాయి ఆక్రమించింది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి వరకు రైలు మార్గం ఏర్పడి బొంబాయి మార్గంతో కలిసింది. అంతకుముందు ఎడ్లబండ్లపై వారాల తరబడి సాగిన హైదరాబాద్ యాత్రికులు ఆ తరువాత రైలులో బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో దిగి, ఓడ కోసం ఎదురుచూసేవారు. పవిత్ర నగరాలలో వారు తలదాచుకోవడానికి ఆసఫ్‌జాహీ పాలకులు రుబాత్‌లు, అనగా ఉచిత వసతి గృహాలు ఏర్పాటు చేశారు. హైదరాబాద్ రుబాత్ పేరు నేటికీ మన యాత్రికులకు సుపరిచితం.

అయితే ఆవిరి ఓడ కొత్త కష్టాలను కూడా తెచ్చింది. లాభం కోసం ఓడల యజమానులు మనుషులను బస్తాల వలె కుక్కేవారు. 1865లో మక్కాలో కలరా చెలరేగి వేలాది యాత్రికులు మరణించారు. యాత్రికుల వెంట అది అనేక దేశాలకు వ్యాపించింది. ఆ తరువాత యెమెన్ తీరంలోని కమరాన్ ద్వీపంలో 1882 నుంచి యాత్రికులను దించి, రోజుల తరబడి వైద్య నిర్బంధంలో ఉంచేవారు. కాబా గృహానికి ఇంత చేరువగా వచ్చి, ఇసుక దిబ్బల మధ్య ఆగిపోయి, ఎప్పుడు విడుదల చేస్తారా అని ఎదురుచూసిన వారి గుండె కోత మనకు తెలియదు.

1880 ఆగస్టులో జరిగిన ఒక సంఘటన ఆ కాలపు యాత్రికుల దుస్థితినీ, వారి సహనాన్నీ మనకు తెలుపుతుంది. జిద్దా అనే పేరు గల ఒక ఓడ పినాంగ్ మీదుగా 900 మందికి పైగా యాత్రికులతో జిద్దాకు పోతున్నది. తుఫానులో ఓడలోకి నీరు వచ్చింది. కప్తాను, అతని అధికారులు ఆ యాత్రికులను నడిసముద్రంలో వదిలివేసి, చిన్న పడవలో తప్పించుకున్నారు. మరొక ఓడ వారిని ఏడెన్ చేర్చింది. జిద్దా ఓడ మునిగిపోయిందని వారు అక్కడ ప్రకటించారు. కానీ యాత్రికులు నీటిని తోడిపోస్తూనే ఉన్నారు. దారిన పోతున్న ఇంకొక ఓడ వారిని చూసి, ఆ ఓడను లాగుకొని వచ్చింది. మునిగిపోయిందని ప్రకటించిన ఓడ మరునాడే యాత్రికులతో సహా ఏడెన్ రేవులో ప్రత్యక్షమైంది. ఆ తరువాత కొన్నేళ్ళకు, 1886లో, యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం థామస్ కుక్ సంస్థకు అప్పగించింది. దుస్థితి అంతగా రచ్చకెక్కిన తరువాతనే అది జరిగింది.

జిద్దా రేవులో దిగినా ప్రయాణం ముగిసేది కాదు. అక్కడి నుంచి మక్కాకు సుమారు 80 కిలోమీటర్లు. ఒంటెలపై రెండు రాత్రుల ప్రయాణం. మోటారు వాహనాలు వచ్చిన తరువాతనే అది కొన్ని గంటలకు తగ్గింది.

స్వాతంత్ర్యం తరువాత కూడా చాలా కాలం మన యాత్రికులలో అనేకులు బొంబాయి నుంచి మొఘల్ లైన్ ఓడలలోనే వెళ్ళారు. ఆ ప్రయాణానికి వారం, పది రోజులు పట్టేది. 1995తో భారతదేశం నుంచి ఓడలలో హజ్ యాత్ర నిలిచిపోయింది. ఆ ఓడలలో వెళ్ళి వచ్చిన వృద్ధులు నేటికీ మన మధ్య ఉన్నారు. వారిని పలకరించి ఆ సంగతులు తెలుసుకోవడం యువకులకు ఎంతో మేలు చేస్తుంది.

విమాన యుగంలో జిద్దాకు కొత్త ద్వారం అవసరమైంది. 1981లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం ప్రత్యేక ప్రాంగణాన్ని నిర్మించారు. ఎడారి గుడారాలను పోలిన తెల్లని వస్త్రపు కప్పులు అక్కడ వరుసలు తీరి ఉంటాయి. వేడి గాలి వాటి శిఖరాల నుంచి పైకి పోతుంది, క్రింద నీడ చల్లగా ఉంటుంది. ఆ నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, ఢాకాలో పుట్టిన బెంగాలీ ముస్లిం. 1982లో ఆయన ఆ జిద్దా నగరంలోనే కన్నుమూశారు. లక్షలాది అతిథుల తలలపై నీడను పరచిన ఆ దాసునిపై అల్లాహ్ కరుణ చూపుగాక! ఇక మన వైపు 2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. ఏడేళ్ళ ప్రయాణం ఆరు గంటలైన కథ ఇది.

సోదరులారా!

దూరం మాత్రం ఒక్క కిలోమీటరు కూడా తగ్గలేదు. తగ్గింది దానిని దాటే సమయం. ఈ తేడాను మన ధర్మశాస్త్రం ఎంత చక్కగా పాటించిందో చూడండి. ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించడానికి హనఫీ ధర్మవేత్తలు మూడు రోజుల ప్రయాణాన్ని హద్దుగా నిర్ణయించారు. ఉపఖండపు పండితులు దానిని నేటి లెక్కలో సుమారు 77 కిలోమీటర్లుగా గణించారు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఈ దూరాన్ని అయిదు నిమిషాలకు కాస్త పైగా దాటుతుంది. అయినా ఆ సడలింపు రద్దు కాలేదు. కష్టం ఉన్నా లేకున్నా దూరమే ప్రమాణం. భయం తొలగిపోయిన తరువాత కూడా నమాజును ఎందుకు కుదించాలని హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) అడిగినప్పుడు, అది అల్లాహ్ మీకు చేసిన దానమని, దానిని స్వీకరించమని దైవప్రవక్త (స) బోధించారు. సౌలభ్యాన్ని కృతజ్ఞతతో స్వీకరించడం కూడా ఆరాధనే.

మీఖాత్ విషయం కూడా అటువంటిదే. ఇహ్రాం సంకల్పం లేకుండా దాటరాని హద్దులను దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఓడలో వెళ్ళిన మన పెద్దలు యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చినప్పుడు, డెక్కుపై స్నానం చేసి, ఇహ్రాం ధరించి, తల్బియా పలికేవారు. దానికి వారికి పూటంతా వ్యవధి ఉండేది. నేడు మన విమానం అరబ్బు భూభాగం మీదుగా జిద్దాను సమీపిస్తూ, తాయిఫ్ వైపున ఉన్న ఖర్నుల్ మనాజిల్ రేఖను ఆకాశంలోనే దాటుతుంది. విమానం నిమిషానికి 15 కిలోమీటర్లు పోతుంది. కునికిపాటులో ఉన్నవాడు కళ్ళు తెరిచేసరికి మీఖాత్ వెనుకబడి ఉంటుంది. అందుకే ఇహ్రాం వస్త్రాలను శంషాబాద్‌లోనే ధరించమని, ప్రకటన వినగానే సంకల్పం చెప్పుకోమని యాత్రికులకు బోధిస్తారు. పూర్వం మార్గమధ్యంలో చేయగలిగిన సిద్ధపాటును ఇప్పుడు ఇంటి వద్దనే చేసుకోవలసి వస్తున్నది.

నేటి ప్రసంగపు సారాంశం కూడా ఇదే. వస్త్రాల విషయంలో చేసుకుంటున్న సిద్ధపాటును మనం హృదయాల విషయంలో చేసుకుంటున్నామా?

ఆ దీర్ఘ ప్రయాణం మన పూర్వీకులకు ఒక పాఠశాల. తిరిగి వస్తామన్న నమ్మకం వారికి ఉండేది కాదు. కనుక కఫన్ వస్త్రాన్ని వెంట తీసుకుని, మృత్యువుకు సిద్ధపడి బయలుదేరేవారు. అప్పులు తీర్చేవారు. అమానతులు అప్పగించేవారు. పొలం గట్టు దగ్గర తగాదా పడిన పొరుగువాని ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరేవారు. వసియ్యత్ వ్రాసి పెద్దమనుషులకు ఇచ్చేవారు. భార్యాబిడ్డలకు తాము తిరిగి వచ్చేదాకా సరిపడే తిండిగింజలు సమకూర్చేవారు. హజ్‌కు బయలుదేరేవాడు తౌబాతో మొదలుపెట్టి, అన్యాయంగా తీసుకున్నవి తిరిగి ఇచ్చి, అప్పులు చెల్లించి, తనపై ఆధారపడినవారికి పోషణ ఏర్పాటు చేయాలని ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ఇహ్యాఉ ఉలూమిద్దీన్ గ్రంథంలో వివరించారు. మిగిలిన శిక్షణను దారి ఇచ్చేది. ఓడలో తోటివారికి నీరు పంచడం, రోగికి సేవ చేయడం, సముద్రంలో మృతదేహానికి జనాజా నమాజు చేసి వీడ్కోలు చెప్పడం, ఇవన్నీ కాబా గృహం కనబడకముందే వారి అహంకారాన్ని కరిగించేవి. పూర్వం ఒంటె బక్కచిక్కినట్లే, ప్రయాణికుని నఫ్స్ కూడా బక్కచిక్కేది.

ఆరు గంటల ప్రయాణంలో ఇదంతా ఎక్కడ జరుగుతుంది? కుర్చీలో కూర్చుని, భోజనం చేసి, కాసేపు నిద్రించి లేచేసరికి జిద్దా వచ్చేస్తుంది. మనసు ఇంకా దుకాణంలోనే ఉంటుంది. తీర్చని అప్పు ఇంకా పుస్తకంలోనే ఉంటుంది. తండ్రి ఆస్తిలో చెల్లెలికి అల్లాహ్ నిర్ణయించిన వాటా ఇంకా అన్న పేరు మీదనే ఉంటుంది. ఆ అన్న మాత్రం రెండు తెల్లని వస్త్రాలలో అల్లాహ్ ముందు నిలబడి, హాజరయ్యానని పలుకుతూ ఉంటాడు!

సోదరులారా! దీని అర్థం సుదీర్ఘ ప్రయాణమే మనిషిని పరిశుద్ధుణ్ణి చేస్తుందని కాదు. సహీహ్ ముస్లింలోని ఒక హదీసులో దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని ప్రస్తావించారు. అతడు చాలా దూరం ప్రయాణించాడు. జుట్టు చెదిరింది, ఒళ్ళంతా దుమ్ము. ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును వేడుకుంటున్నాడు. కానీ అతని తిండి హరామ్, పానీయం హరామ్, దుస్తులు హరామ్. అతని మొర ఎలా ఆలకించబడుతుందని ఆయన ప్రశ్నించారు. వేల మైళ్ళ ధూళి కూడా అక్రమ సంపాదన మరకను కడగలేదు. ఏడేళ్ళు పట్టినా, ఆరు గంటలు పట్టినా, అల్లాహ్ చూసేది హృదయాన్ని, ఆచరణను. సూరె బఖరా 197వ ఆయత్‌లో ప్రయాణ సామగ్రి తీసుకువెళ్ళమని ఆదేశించి, దైవభీతియే అన్నిటికంటే మేలైన సామగ్రి అని అల్లాహ్ తెలిపాడు. ఆ సామగ్రికి విమానం బరువు పరిమితి లేదు. కానీ దానిని ఏ విమానాశ్రయంలోనూ కొనలేము, ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి.

ఈ దారిలో యాత్రికులే కాదు, మన కష్టజీవులు కూడా ప్రయాణిస్తున్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి ఎందరో సోదరులు బతుకుతెరువు కోసం ఇదే ఆకాశమార్గాన అరబ్బు దేశాలకు వెళ్తున్నారు. వారి ఊరు కూడా గంటల దూరంలోనే ఉన్నది. కానీ సెలవు దొరకాలి, టిక్కెట్టు డబ్బు కూడాలి. అందుకని వారు తమ ఇంటి దూరాన్ని గంటలలో లెక్కించరు, సంవత్సరాలలో లెక్కిస్తారు. తల్లి జనాజాకు అందలేకపోయిన కొడుకులు మన మొహల్లాలలో ఉన్నారు. తండ్రి ముఖం ఫోనులోనే చూసి పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. ఆ కుటుంబాల మంచి చెడ్డలు కనుక్కోవడం మన జమాతు బాధ్యత. ఆ వృద్ధ తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, ఆ పిల్లల చదువును పట్టించుకోవడం మన మస్జిద్ నుంచి నాలుగు అడుగుల దూరంలో ఉన్న పుణ్యకార్యం. నాలుగు వేల కిలోమీటర్లు దాటి పుణ్యం కోరే మనం ఆ నాలుగు అడుగులను మరువరాదు.

స్తోమత ఉండి హజ్‌ను వాయిదా వేస్తున్న సోదరులకు ఒక మాట. గుల్‌బదన్ బేగంకు పోర్చుగీసు పత్రం అడ్డు వచ్చింది. మన తాతలకు గాలి, కలరా, దోపిడీ అడ్డు వచ్చాయి. ఆ కాలంలో హజ్ విధి కాదన్న పండితునికి కనీసం ఒక కారణం ఉండేది. నేడు మార్గం సురక్షితం, సమయం స్వల్పం. హలాల్ సంపాదన, ఆరోగ్యం ఉండి కూడా, ఆడపిల్లల పెళ్ళిళ్ళు కానీ, ఇల్లు పూర్తి కానీ, ఉద్యోగ విరమణ కానీ అంటూ వెనకాడుతున్నవారు, రేపు అల్లాహ్ సన్నిధిలో ఏ ఓడను, ఏ గాలిని సాకుగా చూపగలరు? మోకాళ్ళు సహకరించని వయసులో తవాఫ్ చేయాలని ఎదురుచూడడం వివేకం కాదు. స్తోమత లేనివారు మాత్రం దిగులు చెందనవసరం లేదు. అప్పు చేసి హజ్ చేయమని ధర్మం ఎవరినీ బలవంతం చేయలేదు.

చివరగా, ఆదా అయిన కాలం గురించి. ఆయుష్షును దేనిలో గడిపావన్న ప్రశ్నకు సమాధానం చెప్పనిదే ప్రళయదినాన దాసుని పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పూర్వీకులు దారిలో వెచ్చించిన నెలలూ సంవత్సరాలూ మనకు మిగిలాయి. అవి అమానతు. ఆ కాలంలో కొన్ని వారాలైనా హజ్‌కు ముందు ఇంటి వద్ద వెచ్చిద్దాం. ఒక కాగితం తీసుకుని ఎవరికి ఎంత బాకీ ఉన్నామో వ్రాద్దాం. ఎవరి మనసు నొప్పించామో వ్రాద్దాం. అక్కచెల్లెళ్ళ వాటా లెక్క చూద్దాం. వసియ్యత్ సిద్ధం చేద్దాం. హజ్ ఆచరణ విధానాన్ని నేర్చుకుందాం. ఆ కాగితంలోని పేర్లు ఒక్కొక్కటిగా కొట్టివేయబడిన రోజున, శంషాబాద్ చేరకముందే మన ప్రయాణంలో అతి పెద్ద భాగం పూర్తయినట్లే.

హైదరాబాద్‌లో జొహర్ వేళ ప్రవేశించిన సుమారు రెండున్నర గంటలకు అదే వేళ మక్కాను చేరుతుంది. సూర్యుడు ప్రతి దినం ఏ టిక్కెట్టూ లేకుండా ఈ దారిని దాటుతున్నాడు. మనం రోజుకు అయిదు పూటలా ఆ గృహం వైపే ముఖం త్రిప్పి నిలబడుతున్నాం. ముఖం చేరిన చోటికి హృదయాన్ని కూడా చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!

ఓ అల్లాహ్! నీ గృహ దర్శనం కోసం తపిస్తున్న నీ దాసులకు హలాల్ సంపాదనతో ఆ మార్గాన్ని సుగమం చేయి. దారిలో ప్రాణాలు విడిచిన మా పూర్వీకులను క్షమించు. వారు చేరలేకపోయిన గమ్యపు పుణ్యాన్ని వారికి ప్రసాదించు. దూరదేశాలలో శ్రమిస్తున్న మా సోదరులను క్షేమంగా వారి ఇళ్ళకు చేర్చు. దాసుల హక్కుల భారంతో నీ ముందు నిలబడే దుస్థితి నుంచి మమ్మల్ని కాపాడు. మా హజ్‌ను స్వీకారయోగ్యమైన హజ్‌గా మలచు. ఆమీన్.